కుదించిన సరౌండా? పెంచిన స్టీరియోనా?

సంగీత కచేరీలను ముద్రించిన డి.వి.డి. డిస్కుల్లో చాలావాటిలో ఒకే సంగీతం రెండు రూపాల్లో ఉంటుంది. మొదటిది డాల్బీ డిజిటల్ లేక డి.టి.ఎస్. పద్ధతిలో కుదించిన ఆరు ఛానెళ్ళ సరౌండ్ ధ్వని. రెండవది పి.సి.ఎం. అనే పద్ధతిలో, ఏమాత్రం కుదించకుండా ఉంచిన రెండు ఛానెళ్ళ స్టీరియో ధ్వని. ఇంట్లో ఐదు లౌడ్‌స్పీకర్లు అమర్చుకున్న శ్రోత ఈ రెండవదాన్ని ఎంచుకొని, అందులోనుంచి ఐదు ఛానెళ్ళను పుట్టించే పనిని తన ఆంప్లిఫయరుకు అప్పగించవచ్చు. ఈ పనికి అప్‌మిక్సింగ్ అని పేరు. ఈ రెండు మార్గాల్లో ఏది మేలు అన్నది శ్రోతల మధ్య చిరకాలంగా నలుగుతున్న వివాదం.

కుదించని ధ్వనిని కోరేవారి వాదం ఇది: "కుదింపులో సమాచారం పోతుంది. పోయినది తిరిగి రాదు. కనుక చెక్కుచెదరని రెండు ఛానెళ్ళను తీసుకొని, వాటిని ఐదుగా పెంచుకోవడమే మంచిది." రెండవ పక్షంవారు ఇట్లా అంటారు: "ఆరు ఛానెళ్ళు రెండింటికంటె ఎక్కువ. వాటిని విడివిడిగా మిశ్రణం చేసినవాడు ఇంజనీరు. ఆంప్లిఫయరు చేసే ఊహ దానికి సాటి రాదు."

ఇరుపక్షాల్లోను కొంత సత్యం ఉంది. ఐతే మొదటి పక్షం బిట్లను లెక్కిస్తుంది, రెండవ పక్షం ఛానెళ్ళను లెక్కిస్తుంది. ఏ సమాచారం పోయింది, ఏ సమాచారం మొదటినుంచీ లేనే లేదు అన్న ప్రశ్నను రెండు పక్షాలూ వదిలివేస్తాయి. అసలు తీర్పు ఆ ప్రశ్న మీదనే ఆధారపడి ఉంది.

సంఖ్యలు చెప్పేది

మొదట ఒక పదాన్ని గూర్చి హెచ్చరిక అవసరం. ధ్వని పాఠంలో విద్యార్థి చదివే సంపీడన విరళీకరణాలు గాలిలో జరిగేవి. ఇక్కడి కుదింపు గాలికి సంబంధించినది కాదు. అది ధ్వనిని సూచించే అంకెలను తక్కువ చోటులో ఇమిడ్చే పని.

పి.సి.ఎం. పద్ధతిలో ధ్వని తరంగపు ఎత్తును సెకనుకు కొన్ని వేలసార్లు కొలిచి, ప్రతి కొలతను ఒక సంఖ్యగా వ్రాస్తారు. 1982లో వెలువడిన కాంపాక్ట్ డిస్కులో సెకనుకు 44,100 కొలతలు, ఒక్కొక్క కొలతకు 16 బిట్లు. అనగా ప్రతి కొలతకు 65,536 మెట్లు ఉన్న కొలబద్ద. డి.వి.డి.లో సాధారణంగా సెకనుకు 48,000 కొలతలు తీసుకొంటారు. రెండు ఛానెళ్ళకు కావలసిన బిట్లు:

48,000 × 16 × 2 = 15,36,000.

ఇదే లెక్కన ఆరు ఛానెళ్ళకు సెకనుకు 46,08,000 బిట్లు కావాలి. డి.వి.డి. నుంచి బొమ్మ, ధ్వని అన్నీ కలిసి సెకనుకు రాగల గరిష్ఠ పరిమితి 1,00,80,000 బిట్లు. ఆరు ఛానెళ్ళను కుదించకుండా ఉంచితే ఇందులో సగానికి దగ్గరగా ధ్వనికే పోతుంది. బొమ్మకు మిగిలేది చాలదు. కుదింపు పుట్టింది ఈ అవసరం నుంచి.

డి.వి.డి. మీద డాల్బీ డిజిటల్ ధ్వనికి గరిష్ఠంగా సెకనుకు 4,48,000 బిట్లు వాడతారు. అనగా ఆరు ఛానెళ్ళ అసలు పరిమాణంలో ఇంచుమించు పదోవంతు. రెండు ఛానెళ్ళ పి.సి.ఎం. ఒక్కొక్క ఛానెలుకు 7,68,000 బిట్లు ఖర్చు చేస్తూ ఉంటే, డాల్బీ డిజిటల్‌లో ఐదు ప్రధాన ఛానెళ్ళకు సగటున ఒక్కొక్కదానికి 90,000కు లోపే దక్కుతుంది. ఆరవ ఛానెలు 120 హెర్ట్‌జ్‌కు లోబడిన మంద్రధ్వనులకు మాత్రమే ఉద్దేశించినది. అందుకే దాన్ని పూర్తి ఛానెలుగా లెక్కించక 5.1 అని వ్యవహరిస్తారు. డి.టి.ఎస్. పద్ధతి ఇంతకంటె ధారాళం. డి.వి.డి.లో అది సెకనుకు సుమారు 7.5 లక్షలు, లేదా సుమారు 15 లక్షల బిట్లు వాడుతుంది.

7,68,000 ఎక్కడ, 90,000 ఎక్కడ! ఈ సంఖ్యలను చూపి కుదించని పక్షంవారు తీర్పు వెంటనే చెప్పివేస్తారు. కాని ఇక్కడ తొందరపడరాదు.

పారవేసినది ఏమిటి

బియ్యపు మర ఆడుతున్నప్పుడు పక్కన నిలబడినవాని మాట వినిపించదు. మర ఆగితే గోడ గడియారం టిక్కుటిక్కుమనడం సైతం వినిపిస్తుంది. మర ఆడేటప్పుడు కూడా గడియారం చప్పుడు గాలిలో ఉంది, చెవిదాకా వచ్చింది. ఐనా శ్రోతకు అది లేనట్లే. ఒక ధ్వని మరొకదాన్ని ఇట్లా కప్పివేయడాన్ని ఆచ్ఛాదనం అంటారు.

అమెరికాలో బెల్ ప్రయోగశాలలకు చెందిన హార్వే ఫ్లెచర్, జర్మనీలో ఎబర్‌హార్ట్ ట్స్విక్కర్ ఈ ఆచ్ఛాదనాన్ని కొలతలకు తెచ్చినవారిలో ముఖ్యులు. బలమైన ధ్వని తన పౌనఃపున్యానికి దగ్గరగా ఉన్న బలహీన ధ్వనులను బాగా కప్పుతుంది, దూరంగా ఉన్నవాటిని అంతగా కప్పదు. 1961లో ట్స్విక్కర్ వినికిడి విస్తృతిని 24 పట్టీలుగా విభజించి చూపాడు. ఒక పట్టీలో బలమైన స్వరం పలుకుతున్నప్పుడు, అదే పట్టీలో కొలతల దోషం వల్ల కొంత రొద చేరినా శ్రోతకు తెలియదు.

డాల్బీ డిజిటల్ ఈ సూత్రాన్నే వాడుకొంటుంది. అది ధ్వనిని 256 కొలతల ఖండాలుగా తీసుకొని, అందులోని పౌనఃపున్యాలను వేరుచేస్తుంది. సెకనుకు 48,000 కొలతలు కనుక ఒక్కొక్క ఖండం సుమారు 5.3 మిల్లీసెకన్లు. చెవికి వినబడే భాగాన్ని సూక్ష్మంగాను, కప్పబడిపోయే భాగాన్ని స్థూలంగాను వ్రాస్తుంది. ఆరు ఛానెళ్ళకూ బిట్లు ఒకే ఖజానా నుంచి వస్తాయి. ఒక ఛానెలు మౌనంగా ఉన్నప్పుడు దాని వాటా మరొకదానికి పోతుంది. కనుక "ఒక్కొక్కదానికి 90,000" అన్నది సగటు మాత్రమే.

ఐతే ఈ పద్ధతికి దోషాలు లేకపోలేదు. చిరుతల దెబ్బవంటి ఆకస్మిక ధ్వని ఖండం మధ్యలో వచ్చిందనుకొందాం. స్థూలంగా వ్రాయడం వల్ల పుట్టిన రొద ఆ ఖండమంతటా పరచుకొంటుంది. దెబ్బకు ముందుకూడా అది వినిపించవచ్చు. దీన్ని పూర్వప్రతిధ్వని అంటారు. ఇటువంటి చోట్ల ఖండాన్ని మరింత చిన్నదిగా చేసి యంత్రం జాగ్రత్తపడుతుంది. కాని బిట్లు తక్కువైనప్పుడు దోషం పూర్తిగా దాగదు. కచేరీలో శ్రోతల చప్పట్లు ఇటువంటి కఠిన పరీక్షే. బిట్లు మరీ చాలనప్పుడు యంత్రం వేర్వేరు ఛానెళ్ళలోని ఉచ్చ పౌనఃపున్యాలను కలిపివేసి, ఏ ఛానెలులో ఎంత బలమో మాత్రమే విడిగా వ్రాసుకొంటుంది. ఇందువల్ల దిక్కుల స్పష్టత కొంత తగ్గవచ్చు.

సారాంశం ఇది: కుదింపు పారవేసేది చాలావరకు చెవికి అందని భాగం. యంత్రపు అంచనా తప్పినచోట చెవికి అందేది కూడా కొంత పోతుంది.

లేనిదాన్ని పుట్టించడం

ఇప్పుడు రెండవ మార్గాన్ని పరీక్షించాలి. రెండు ఛానెళ్ళనుంచి ఐదింటిని ఎట్లా తీస్తారు?

మూలసూత్రం కూడిక, తీసివేత. ఎడమ, కుడి ఛానెళ్ళలో సమానంగా ఉన్నది గాయకుని కంఠం వంటి మధ్యస్థ ధ్వని. రెంటినీ కూడితే అది బలపడుతుంది. ఒకదానినుంచి మరొకటి తీసివేస్తే అది మాయమవుతుంది. సభాభవనపు గోడలనుంచి తిరిగివచ్చే ప్రతిధ్వనులు రెండు ఛానెళ్ళలోను ఒకేరకంగా ఉండవు కనుక, తీసివేసినప్పుడు అవి మిగులుతాయి. కాబట్టి మొత్తాన్ని మధ్య లౌడ్‌స్పీకరుకు, భేదాన్ని వెనుక లౌడ్‌స్పీకర్లకు పంపితే, గాయకుడు ఎదుట నిలిచి, సభాభవనం శ్రోత చుట్టూ వ్యాపించినట్లు తోస్తుంది. యుక్తి ముచ్చటైనదే.

కాని ఒక చిన్న ఉదాహరణ చాలు, దాని హద్దు తెలియడానికి. ఒక వయొలిన్ ఎడమ ఛానెలులో మాత్రమే ఉన్నదనుకొందాం. ఎడమ విలువ 1, కుడి విలువ 0. మొత్తం 1, భేదం కూడా 1. వీటిని 0.707తో గుణించి మధ్యకు, వెనుకకు పంపుతారు. అనగా ఎడమవైపున ఉండవలసిన వయొలిన్, కేవలం 3 డెసిబెల్‌ల తగ్గుదలతో మధ్యనుంచీ వెనుకనుంచీ కూడా పలుకుతుంది. మూడు డెసిబెల్‌లంటే శక్తిలో సగం. చోటు తెలియజేయడానికి ఈ తేడా చాలదు.

ఈ లోపాన్ని తగ్గించడానికి యంత్రం అనుక్షణం "ఇప్పుడు ప్రబలమైన ధ్వని ఏ దిక్కునుంచి?" అని పరిశీలించి, ఆ దిక్కును హెచ్చించి, తక్కినవాటిని తగ్గిస్తుంది. 1987లో వచ్చిన డాల్బీ ప్రో లాజిక్, జిమ్ ఫాస్గేట్ రూపకల్పనపై 2000లో వచ్చిన ప్రో లాజిక్ 2 ఈ విధంగా పనిచేసేవే. ఒక్క ధ్వని ప్రబలంగా ఉన్నప్పుడు ఈ ఏర్పాటు చక్కగా సాగుతుంది. నాలుగు వాద్యాలు సమానబలంతో నాలుగు దిక్కుల మ్రోగినప్పుడు యంత్రం ఎవరి పక్షం వహించగలదు? బీజగణితం చదివిన విద్యార్థి ఈ చిక్కును సులభంగా గుర్తిస్తాడు. సమీకరణాలు రెండు, అవ్యక్త రాశులు నాలుగు. ఏకైక సాధన లేదు. యంత్రం ఇచ్చే జవాబు ఒక సమంజసమైన ఊహ మాత్రమే.

దీనికి ఒక మినహాయింపు ఉంది. 1970వ దశకం నడుమ చలనచిత్రాలకు వచ్చిన డాల్బీ స్టీరియో పద్ధతిలో ఎడమ, మధ్య, కుడి, వెనుక అనే నాలుగు ఛానెళ్ళను ముందుగానే ఒక నియమం ప్రకారం రెండింటిలోకి మడిచేవారు. 1977 నాటి 'స్టార్ వార్స్' చిత్రంతో ఆ పద్ధతి పేరుకెక్కింది. అట్లా మడిచిన ధ్వనిని విప్పడం వట్టి ఊహ కాదు. మడిచినవాని ఉద్దేశం విప్పేవానికి కొంతవరకు తెలుసు. కాని సాధారణ స్టీరియో సంగీతంలో అటువంటి నియమమేదీ ఉండదు. వెనుక ఏ వాద్యం ఉండాలో దాని మిశ్రణకర్త ఎన్నడూ ఆలోచించలేదు.

ఇక్కడ కుదించని పక్షపు వాదంలోని పెద్ద బలహీనత బయటపడుతుంది. వారు పి.సి.ఎం.ను ఎన్నుకొన్నది ఒక్క బిట్ కూడా మారరాదన్న నియమంతో. ఎన్నుకొన్న మరుక్షణమే దాన్ని అప్‌మిక్సింగ్ యంత్రానికి అప్పగిస్తారు. ఆ యంత్రం ప్రతి కొలతనూ కూడి, తీసివేసి, హెచ్చించి, తగ్గించి మార్చివేస్తుంది. నీళ్ళు కలపని పాలకోసం ఊరంతా తిరిగి, ఇంటికి తెచ్చి తామే నీళ్ళు కలుపుకొన్నట్లున్నది ఈ పని. అప్‌మిక్సింగ్ వినసొంపుగా ఉండవచ్చు. దాన్ని ఇష్టపడడం తప్పు కాదు. కాని ఆ ఇష్టానికి "చెక్కుచెదరని ధ్వని" అనే పేరు పెట్టడం తగదు.

సరిగా జరగని ప్రయోగం

"రెండూ విని చూశాము. పి.సి.ఎం. స్పష్టంగా మెరుగు" అని కొందరు చెబుతారు. వినడం ప్రయోగమే. కాని ప్రయోగానికి నియమాలున్నవి. డిస్కులోని రెండు రూపాలను మార్చి మార్చి వినే పద్ధతిలో మూడు లోపాలు కనిపిస్తాయి.

మొదటిది, ఒకేసారి రెండు అంశాలు మారుతున్నవి. స్టీరియో రూపాన్ని, సరౌండ్ రూపాన్ని తరచు వేర్వేరుగా మిశ్రణం చేస్తారు. ఒకదానిలో కంఠం ముందుకు వచ్చి ఉండవచ్చు, మరొకదానిలో మృదంగమో డ్రమ్మో హెచ్చి ఉండవచ్చు. వినిపించిన తేడా కుదింపువల్ల వచ్చిందా, మిశ్రణంవల్ల వచ్చిందా? ఉష్ణోగ్రతను, పీడనాన్ని ఒకేసారి మార్చి వాయువు ఘనపరిమాణం ఎందుకు మారిందో చెప్పబోయిన విద్యార్థికి ఏ ఉపాధ్యాయుడూ మార్కులు వేయడు. కుదింపును పరీక్షించాలంటే ఒకే మిశ్రణాన్ని కుదించి, కుదించకుండా వినాలి. అప్‌మిక్సింగ్‌ను పరీక్షించాలంటే ఒకే స్టీరియోను పెంచి, పెంచకుండా వినాలి.

రెండవది, ధ్వని తీవ్రత. డాల్బీ డిజిటల్ ధ్వనిలో సంభాషణల సగటు మట్టాన్ని తెలిపే ఒక సంఖ్య దాగి ఉంటుంది. ఆ సంఖ్య 31 ఐతే యంత్రం ధ్వనిని తగ్గించదు. 27 ఐతే 4 డెసిబెల్‌లు తగ్గిస్తుంది. డి.వి.డి.లోని పి.సి.ఎం.కు ఈ తగ్గింపు లేదు. మీట ఒకేచోట ఉంచి రెండూ వింటే, అసలు ముద్రణ మట్టాలు సమానమే ఐనప్పటికీ, పి.సి.ఎం. 4 డెసిబెల్‌లు బిగ్గరగా పలుకుతుంది. రెండు ధ్వనుల్లో కొంచెం బిగ్గరైనదాన్ని చెవి "మెరుగైనది"గా భావించడం అందరికీ ఉన్న స్వభావం. ఈ తేడాను సరిచేయకుండా ఇచ్చిన తీర్పులో మెరుగుదనం ఎంతో, బిగ్గరతనం ఎంతో విడదీయడం సాధ్యం కాదు.

మూడవది, ఏది వింటున్నారో ముందే తెలియడం. తెర మీద "పి.సి.ఎం." అన్న అక్షరాలు కనబడగానే మనసు సిద్ధమవుతుంది. కనుక ఏది వినిపిస్తున్నదో చెప్పకుండా పరీక్షించాలి. దీని లెక్క ఉన్నత పాఠశాల విద్యార్థికి అందుబాటులోనిదే. ఒక శ్రోత 16 సార్లు విని, ప్రతిసారీ అది కుదించినదో కానిదో చెప్పాలి. తేడా తెలియక నోటికివచ్చినట్లు చెబితే ప్రతిసారీ సరికావడానికి సంభావ్యత సగం. మొత్తం జరగదగిన విధాలు 2కు 16వ ఘాతం, అనగా 65,536. అందులో 12 గాని అంతకుమించి గాని సరైన విధాలు 2,517. ఇది నూటికి 4కు లోపు. కనుక 12 సార్లు సరిగా చెప్పినవానికి తేడా నిజంగా వినబడుతున్నదని నమ్మడానికి ఆధారముంది. 9 సార్లు చెప్పినవాని విషయంలో అటువంటి ఆధారం లేదు.

ఈ నియమాలను పాటించి విన్నప్పుడు తగినన్ని బిట్లున్న కుదింపును గుర్తించడం చాలామంది శ్రోతలకు కష్టమవుతుంది. శిక్షణ పొందిన చెవులు, చప్పట్లవంటి కఠినమైన ధ్వనుల్లో, దాన్ని పట్టుకోగలవు. రెండు లౌడ్‌స్పీకర్లకు బదులు ఐదు పలికితే మాత్రం ఆ తేడా ఎవరి చెవికైనా తెలుస్తుంది. ఛానెళ్ళ అమరికవల్ల వచ్చే పెద్ద తేడాను చూపి, కుదింపువల్ల వచ్చే చిన్న తేడాను గూర్చి తీర్పు చెప్పడమే ఈ వివాదంలో తరచు జరుగుతున్న పొరపాటు.

ఏది ఎప్పుడు?

పై విచారణవల్ల కొన్ని నిర్ణయాలు తేలుతున్నవి.

సంగీతాన్ని మొదటనే సరౌండ్ రూపంలో శ్రద్ధగా మిశ్రణం చేసి ఉండి, గదిలో ఐదు లౌడ్‌స్పీకర్లు సరిగా అమరి ఉంటే, డి.వి.డి.లో వాడే పై మట్టపు బిట్లతో కుదించిన సరౌండ్ ధ్వనినే ఎన్నుకోవడం యుక్తం. అందులో పోయినది చాలావరకు చెవికి అందనిది. అప్‌మిక్సింగ్‌లో లోపించినదో, మిశ్రణకర్త స్వయంగా నిర్ణయించిన దిక్కులు. సరిగా అమరడమంటే అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం సూచించినట్లు మధ్యది సూటిగా ఎదుట, ఎడమ కుడివి దానికి 30 డిగ్రీల చొప్పున, వెనుకవి 110 డిగ్రీల ప్రాంతాన, అన్నీ శ్రోతకు సమాన దూరంలో ఉండడం.

సంగీతం అసలు పుట్టింది స్టీరియోగానే ఐతే, సరౌండ్ రూపం తరువాత మొక్కుబడిగా తయారైనదైతే, పి.సి.ఎం. స్టీరియోను రెండు లౌడ్‌స్పీకర్ల మీదనే వినడం న్యాయం. ఆలన్ బ్లమ్‌లీన్ 1931లో పేటెంటుకు దరఖాస్తు చేసిననాటినుంచి స్టీరియో రెండు ఛానెళ్ళతోనే ఎదుట ఒక రంగస్థలాన్ని నిలపగలుగుతున్నది. దానికి దిద్దుబాటు అవసరం లేదు.

ఇంట్లో ఉన్నవి రెండే లౌడ్‌స్పీకర్లు ఐనప్పుడు ప్రశ్నే లేదు. ఆరు ఛానెళ్ళను యంత్రం గుడ్డిగా రెండింటిలోకి దింపడంకంటె, ఇంజనీరు చెవితో విని చేసిన స్టీరియో మేలు.

అప్‌మిక్సింగ్‌కు కూడా న్యాయమైన స్థానం ఒకటుంది. తరగతి గది వంటి వెడల్పు గదిలో అందరూ నడిమధ్య కూర్చోలేరు. ఒక లౌడ్‌స్పీకరుకు 34 సెంటీమీటర్లు దగ్గరగా కూర్చున్నవానికి దాని ధ్వని 1 మిల్లీసెకను ముందుగా చేరుతుంది. ముందు చేరిన ధ్వనివైపే చెవి మొగ్గుతుందని 1949లో హెల్ముట్ హాస్ మొదలైనవారి ప్రయోగాలు చూపినవి. అప్పుడు ఉపన్యాసకుని కంఠం తెర మధ్యనుంచి గాక పక్కనుంచి వస్తున్నట్లు తోస్తుంది. మొత్తాన్ని మధ్య లౌడ్‌స్పీకరుకు పంపితే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. ఐతే ఈ మేలు మధ్య లౌడ్‌స్పీకరువల్ల వచ్చినదే కాని, "కుదించని" అన్న విశేషణంవల్ల వచ్చినది కాదు.

2006లో వచ్చిన బ్లూ-రే డిస్కులో చోటు హెచ్చినందున, ఒక్క బిట్ కూడా నష్టపోని ఆరు ఛానెళ్ళు, ఎనిమిది ఛానెళ్ళు సాధ్యమైనవి. అక్కడ ఈ సందిగ్ధానికి తావు లేదు. కాని ఇంటర్నెట్ మీద అదే ప్రశ్న కొత్త రూపంలో తిరిగివచ్చింది. 2021లో ఆపిల్ మ్యూజిక్ సంస్థ నష్టంలేని స్టీరియోను, కుదించిన డాల్బీ అట్మాస్ సరౌండ్ ధ్వనిని పక్కపక్కనే అందించసాగింది. పేర్లు మారినవి. తీర్పు చెప్పవలసిన పద్ధతి మారలేదు.

విద్యార్థులు ఇంట్లో, సెల్‌ఫోన్లలో నిత్యమూ ఈ ఎంపికలు చేస్తూనే ఉన్నారు. వారిముందు ప్రకటనలు సంఖ్యలను కుమ్మరిస్తున్నవి. ఉపాధ్యాయులు దీన్ని ఒక ప్రయోగంగా తరగతిలోకి తీసుకురావచ్చు. దానికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. ఒక పాటను కుదించి, కుదించకుండా సిద్ధం చేసి, తీవ్రతలను సమానం చేసి, పేర్లు దాచి 16 సార్లు వినిపించి, ఫలితాన్ని నల్లబల్ల మీద వ్రాస్తే చాలు. ఎంతమందికి తేడా తెలిసిందో తరగతి అంతా కలిసి లెక్కకట్టవచ్చు.